బొట్టు పెట్టిన మీటరు

తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ గిన్నెల ముందు నుంచి లేవబోయిన ప్రసన్న, ఈ పూట తనకు మీటరు చూసే పని లేదని గుర్తొచ్చి మళ్లీ చతికిలబడింది. రోజూ ఈ వేళకు డాబా మీద ఉండేది.

తాపీ నది ఎగువన అణు విద్యుత్ కేంద్రం ఉంది కదా, గాలిలో రేడియేషన్ ఎంతుందో జనమే కొలుచుకోవాలని ఒక సంఘం వాళ్లు, తెలుగు నేతపనివాళ్లు వలసొచ్చి ఉండే భేస్తాన్‌లో గల్లీకొక మీటరు ఇచ్చారు. ఇచ్చింది ఆమె భర్త బిక్షపతి పేరు మీద. మెట్లెక్కి, దాన్ని నడుమెత్తున పట్టుకుని, అంకె నిలిచేదాకా ఆగి, అతని ఫోన్లోంచి పంపేది మాత్రం ప్రసన్న. లాక్‌డౌన్‌కు మరమగ్గాలు ఆగి ఇంట్లోనే పడి ఉన్నా ఆయన ఒక్క మెట్టెక్కిన పాపాన పోలేదు. గల్లీలో మాత్రం ఆయనే "సైంటిస్టు సాబ్". పని ఒకరిది, పేరొకరిది. ఈ ఇంట్లో అదేం కొత్త కాదు. అయినా మాస్కు దించుకుని, ఎవరి పిలుపూ వినపడని చోట కాసేపు నిలబడటం ఆమెకు ఇష్టం. రోజు మొత్తంలో తనది అనుకోదగ్గది అదొక్కటే.

పోయిన దసరాకు అత్త బాలవ్వ మీటరుకు పసుపు, కుంకుమ పెట్టి దేవుడి గూట్లో కూర్చోబెట్టింది. "మగ్గం సాంచెకు పెట్టినట్టే దీనికీ పెట్టిన. ఇగ దేవుని సామానే. ముట్టయినప్పుడు జర దూరముండు." వంటకు మాత్రం ఏ అంటూ లేదు. వండేవాళ్లు ఇంకెవరున్నారని!

మొన్న ముట్టయింది. ఆ రోజే తొలకరి వాన పడింది.

"వాన పడ్డది, జర పైకి పోయి చూడు" అని ప్రసన్న మొగుణ్ని బతిమాలింది.

"నిన్నటి అంకెనే కొట్టిన తియ్. ప్రతి నెలా గదే కొడ్తున్న. గాలి ఏమన్న మారుతదా ఏంది?" అన్నాడు బిక్షపతి, మంచం దిగకుండా.

ఇప్పుడు ఫోన్ మోగింది. సంఘంలో పనిచేసే ఊర్మిళ గొంతు స్పీకర్లో గదంతా వినిపించింది. "అన్నా, మొన్నటి వానకు అందరి మీటర్లు కొంచెం లేచినయి. అది మామూలే, భయం లేదు. మీ అంకె మాత్రం కదల్లే. ఇట్లయితే మీటరు వేరే ఇంటికి ఇయ్యాల్సొస్తది."

ప్రసన్న చేతిలోని గిన్నె కింద పెట్టేసింది.

"నేను చూడలే చెల్లె, మా ప్రసన్ననే చూస్తది" అన్నాడు బిక్షపతి. "ఆడమనిషి కదా, ఏదో గల్తీ చేసినట్టుంది."

ఇన్నాళ్లకు ఆమె పేరు సంఘం చెవిన పడింది, చేయని తప్పుకు. లేచి వెళ్లి దేవుడి గూట్లో చేయి పెట్టింది.

"అయ్యో, ముట్టున్నవు కదనే!" బాలవ్వ కేక పెట్టింది.

ప్రసన్న మీటరు మీది కుంకుమ కొంగుతో తుడిచి, మొగుడి చేతిలోంచి ఫోన్ అందుకుని మెట్లెక్కింది.

"ఊర్మిళక్కా, రోజూ చూసేది నేనే. ముట్టున్న దినాల్ల అంకెలు మాత్రం నావి కావు, అన్నీ కొట్టెయ్యి. ఇయ్యాల గూడ ముట్టే. జర ఆగు, అంకె చెప్త, నా పేరు మీద రాసుకో."