గెలిపించే కుర్చీ

నన్ను కాలేజీలో అందరూ మిడత అంటారు. ఒక్కచోట కుదురుగా కూర్చోవడం నాకు పుట్టుకతోనే చేతకాదు. పరీక్ష హాల్లో నేను కాళ్ళు ఆడిస్తుంటే ముందు బల్ల అమ్మాయి జవాబులు మరిచిపోయి వెనక్కి తిరిగి గుడ్లురిమేది. అలాంటి నన్ను ఏడాదంతా బెంచీ చివరి కుర్చీలో కూర్చోబెట్టారు. ఎందుకో చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మాది చిన్న కాలేజీ. బాస్కెట్‌బాల్ జట్టంటే మొత్తం ఏడుగురు అమ్మాయిలం. బంతిని నడిపించుకుంటూ పోయి అందించేది నేను, రింగులో వేసేది మా కెప్టెన్. ఆమె పొడుగు చూసి నిచ్చెన అని పేరు పెట్టిందీ నేనే. మొదటి రెండేళ్ళు ఓడిపోవడంలో మాకు తిరుగులేదు. చదువు ఆఖరి ఏడాది మొదటి మ్యాచ్‌కి ముందు నా చీలమండ బెణికింది. కట్టు కట్టుకుని బెంచీ చివర కూర్చున్నాను. ఎదురుగా ఎప్పుడూ మమ్మల్ని చితక్కొట్టే జట్టు. ఆ రోజు మావాళ్ళు గెలిచారు. ఎలా గెలిచారో వాళ్ళకే అర్థం కాలేదు. తర్వాతి మ్యాచ్ గెలిచారు, ఆ తర్వాతిదీ గెలిచారు. ఈలోగా నా కాలు బాగైంది. నాలుగో మ్యాచ్‌కి జెర్సీ మీద వేసుకున్న స్పోర్ట్స్ జాకెట్ విప్పి, కుర్చీ వెనక తగిలించి లేచాను.

"కూర్చోవే," అంది నిచ్చెన. "గెలుస్తున్నప్పుడు ఏదీ కదపకూడదు."

"నా కాలు బాగైపోయిందే."

"మంచిదేగా. బాగైన కాలుతో కూర్చో."

కాకి వాలడం, తాటిపండు పడడం అంటే ఇదే. ఇక ఎవరికి చెప్పినా వినలేదు. అప్పటికే ఒకతి ఉతకని సాక్సులతో ఆడుతోంది. ఇంకొకతి ఎడమ బూటు వేసుకున్నాకే కుడి బూటు ముట్టుకుంటోంది. వాళ్ళ పిచ్చి వాళ్ళ కాళ్ళ దగ్గరే ఆగింది. నిచ్చెన పిచ్చి వచ్చి నా కాళ్ళ మీద పడింది.

మా కోచ్ మేడమ్ క్లాసులో స్టాటిస్టిక్స్ చెబుతుంది. చదువుకున్న మనిషి కదా అని ఆమె గదికి వెళ్ళాను.

"మేడమ్, నాణేనికి కిందటిసారి ఏం పడిందో గుర్తుండదని మీరే చెప్పారు."

మేడమ్ దిద్దుతున్న పేపర్లు పక్కన పెట్టింది. "నాణేనికి గుర్తుండదమ్మా. వీళ్ళకి గుర్తుంటుంది. నువ్వు అక్కడ కనబడితే వాళ్ళ చేతులు వణకడం లేదు. ఇంకొక్క మ్యాచ్ చూద్దాం."

ఆ ఇంకొక్క మ్యాచ్ ఎప్పటికీ అయిపోలేదు. మా జట్టు పేరు పేపర్లో పడింది. ప్రిన్సిపాల్ గారు మొదటిసారి జిమ్ము తాళం ఎక్కడుంటుందో కనుక్కున్నారు. ఎక్కడికి వెళ్ళినా చప్పట్లు. నేను కుర్చీ అంచున కూర్చుని, మోకాళ్ళు ఊపుతూ, గోళ్ళు కొరుక్కుంటూ, ఎవరు ఎటు పాసివ్వాలో నాలో నేనే గొణుక్కుంటూ ఉండేదాన్ని. గెలిచిన ప్రతిసారీ అందరూ పరుగెత్తుకొచ్చి ముందు నా బుగ్గలే గిల్లేవారు. ఆ గిల్లుళ్ళకి అరికాలి మంట నెత్తికెక్కేది. చదువైపోతే నన్ను ఏ జట్టు పిలుస్తుంది? మళ్ళీ నాకు కోర్టు ఎక్కడ దొరుకుతుంది? ఈ ఏడాది ఒక్కసారైనా ఆడకపోతే ఇక ఆడనట్టే.

మా అమ్మ సిటీ బస్సులో కండక్టరు. డ్యూటీ మార్చుకుని రెండు మ్యాచ్‌లకి వచ్చింది. రెండుసార్లూ నేను కూర్చునే ఉన్నాను.

"నేను రోజంతా నిలబడి సంపాదిస్తుంటే నువ్వు రోజంతా కూర్చుంటున్నావు," అంది ఇంటికొచ్చాక. "కూర్చోవడానికి అంత దూరం ఎందుకే, మనింట్లో కుర్చీ లేదా?"

నవ్వుతూనే అంది. అన్నం ముందు కూర్చుని నేను ఏడ్చేశాను. అమ్మ ఫైనల్‌కి మళ్ళీ డ్యూటీ మార్చుకుంది.

సెమీఫైనల్లో మా వాళ్ళలో ఒకమ్మాయికి వేలు విరిగింది. ఇక ఫైనల్‌కి మిగిలింది ఆరుగురం. ఐదుగురు కోర్టులో, నేను కుర్చీలో. హాలంతా కిక్కిరిసి ఉంది. వెనక రెయిలింగు దగ్గర అమ్మ యూనిఫాంలోనే నిలబడి ఉంది. ఆట నువ్వా నేనా అన్నట్టు సాగింది. ఆఖరి క్వార్టర్లో మేం మూడు పాయింట్లు వెనకబడి ఉండగా నిచ్చెన ఎదుటి అమ్మాయి చేతి మీద కొట్టింది. రిఫరీ ఈల వేశాడు. అది ఆమెకి ఐదో ఫౌల్. ఐదు పడితే బయటికి రావలసిందే, మళ్ళీ లోపలికి వెళ్ళడం ఉండదు.

నేను లేవబోయాను. నిచ్చెన చెమటలు కారుతూ వచ్చి మేడమ్ ముందు నిలబడింది.

"మిడతని లేపొద్దు మేడమ్. నలుగురే ఆడతారు."

నేను సరిగా విన్నానా అనుకున్నాను. కోర్టులో ఉన్న నలుగురి వంక చూశాను. వాళ్ళూ నా వంకే చూస్తున్నారు. వాళ్ళ మొహాల్లో భయం ఉంది. ఎదుటి జట్టంటే కాదు, నేను కుర్చీలోంచి లేస్తానేమోనని. రెండేళ్ళు వాళ్ళ చేతికి బంతి అందించినదాన్ని. నా బదులు ఖాళీ జాగాని నమ్ముకుంటున్నారు. కోపం, ఏడుపు ఒక్కసారే తన్నుకొచ్చాయి.

మేడమ్ మా వంక చూడకుండా వాచీ చూసుకుంటోంది.

మా ఆటలో ఒక పద్ధతి ఉంది. మనిషిని మార్చాలంటే కోచ్ అరిస్తే చాలదు. లోపలికి వెళ్ళే మనిషే స్కోరు బల్ల దగ్గరికి నడిచి వెళ్ళి అడగాలి. మొదటి ఏడాది మొదటి రోజు మేడమే నేర్పింది. నేను జాకెట్ విప్పి కుర్చీ మీద పడేశాను. నిచ్చెన నా మోచెయ్యి పట్టుకుంది.

"ఓడిపోతే జన్మలో నీతో మాట్లాడను."

"ఈ ఏడాది మాత్రం ఏం మాట్లాడావే, కూర్చో అనడం తప్ప?"

చెయ్యి విడిపించుకుని బల్ల దగ్గరికి నడిచాను. మేడమ్ ఆపలేదు.

నా మొదటి పాసు ఎవరికీ అందకుండా బయటికి పోయింది. కుర్చీలో చేతులు బిగుసుకుపోయాయి మరి. ఉతకని సాక్సుల పిల్ల నెత్తి కొట్టుకుంది. రెండో పాసు ఆమె చేతుల్లోకే వెళ్ళింది, ఆమె వేసేసింది. తర్వాత కాళ్ళు వాటంతటవే గుర్తు తెచ్చుకున్నాయి. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. ఒక్క పాయింటు తేడా ఉందనగా బంతి నా దగ్గరికి వచ్చింది. ఇద్దరి మధ్యలోంచి దూరిపోయి ఎగిరి వేశాను. బంతి రింగు మీద గుండ్రంగా తిరిగింది. తిరిగి తిరిగి బయటికి పడింది. బజర్ మోగింది.

ఆ ఏడాది మేం ఓడింది ఆ ఒక్క మ్యాచే. నేను ఆడిందీ అదొక్కటే.

నలుగురూ నా పక్కనుంచే తలలు దించుకుని గదిలోకి వెళ్ళిపోయారు. అమ్మ రెయిలింగు దాటి వచ్చింది.

"ఓడిపోయాం అమ్మా."

"చూశాలేవే. ఇవాళ డ్యూటీ మార్చుకున్నందుకు ఫలితం దక్కింది," అని తన చేతిరుమాలుతో నా మొహం తుడిచింది.

జాకెట్ కోసం బెంచీ దగ్గరికి వెళ్ళాను. నిచ్చెన ఇంకా అక్కడే ఉంది. నా జాకెట్ ఒళ్ళో పెట్టుకుని, నా చివరి కుర్చీలోనే కూర్చుని ఉంది. ఒక బొటనవేలి గోరు కొరికి కొరికి రక్తం వచ్చింది. మోకాలు ఇంకా ఊగుతూనే ఉంది.

"కుర్చీ ఖాళీగా లేదుగా. మరి గెలవలేదేం?" అని అడిగాను. దెప్పాలనే అడిగాను.

ఆమె కోప్పడలేదు. జాకెట్ నా చేతికిచ్చింది.

"రెండు నిమిషాలకే నాకు పిచ్చెక్కిపోయింది," అంది. "ఇన్నాళ్ళు ఇక్కడ ఎలా కూర్చున్నావే?"

ఏడాదిగా ఆమెని అనాలని దాచుకున్న మాటలు చాలా ఉన్నాయి. అవన్నీ అలాగే ఉంచుకుని పక్క కుర్చీలో కూర్చున్నాను.

"నా వల్ల కూడా కాలేదే," అన్నాను.