పంతొమ్మిదో పోస్టు

గురువారం సాయంత్రం ఆరుంబావుకి నేను మా ఊరందరినీ చావుభయంతో వణికించానన్న సంగతి, శుక్రవారం పొద్దున్న వాల్‌ఫ్రిడ్ తాతకి ఓట్స్ జావ తినిపిస్తూండగా నాకు తెలిసింది.

చెప్పింది పెర్నిల్లా, మా వృద్ధాశ్రమం అధికారి. గుమ్మంలోనే నిలబడి, "ఇల్వా, జావ తర్వాత. ముందు నా గదికి రా," అంది. పదకొండేళ్ళలో ఆవిడ నోట 'జావ తర్వాత' అన్న మాట నేను వినలేదు. వాల్‌ఫ్రిడ్ తాత నోరు తెరిచి ఎదురుచూస్తూనే ఉన్నాడు. చెంచా నర్సుకిచ్చి వెళ్ళాను.

పెర్నిల్లా ఫోన్ నా వైపు తిప్పింది. మా ఊరి గ్రూపు. మామూలుగా అందులో పోయిన పిల్లులూ, దొరికిన చేతితొడుగులూ ఉంటాయి, అందుకే నేను తెరిచి చూసి నెలలయింది. ఇప్పుడు పైన నా పేరు, ఇల్వా సాండెలిన్. పక్కన ఏటిరొయ్యల విందులో కాగితం టోపీ పెట్టుకున్న నా ఫొటో. కింద ఇలా ఉంది: "బస్సులో పక్క సీటు మనిషికి జ్వరం వస్తే ఎవరికి చెప్పాలి? ఇటలీ కొండల నుంచి వచ్చినవాళ్ళు ఇంట్లో కూర్చోవాలా, అక్కర్లేదా? మన ఊళ్ళో అలాంటివాళ్ళున్నారు. చాలా భయంగా ఉంది." దాని కింద మూడు వందల నలభై రెండు వ్యాఖ్యలు.

"ఇది నేను రాయలేదు," అన్నాను.

"పేరు నీదే కదా?"

"నాదే."

"టోపీ?"

"టోపీ కూడా నాదే."

"మరి?" పెర్నిల్లా కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "ఇదొక్కటే కాదు, మొత్తం పంతొమ్మిది పోస్టులు. పొద్దుట్నుంచి పద్నాలుగు కుటుంబాలు ఫోన్ చేశాయి, మా అమ్మని ఇంటికి తీసుకుపోవాలా అని. ఇక్కడ పనిచేసే మనిషే భయాలు ప్రచారం చేస్తూంటే వాళ్ళకి నేనేం చెప్పను? సోమవారం నీ ఇంటర్వ్యూ. మా బృందానికి నిన్నే పెద్దగా వేద్దామనుకున్నాం. ఈలోగా నువ్వు రాయలేదని రుజువైనా తీసుకురా, క్షమాపణైనా రాసివ్వు. రెండూ కాకపోతే ఆ ఉద్యోగం సంగతి మర్చిపో."

బృందానికి పెద్ద అన్న పేరు లేదు కానీ ఆ పని నేను చేస్తూ ఏడేళ్ళయింది. ఎవరికి జ్వరమొచ్చినా వాళ్ళ బదులు మనిషిని వెతికేది నేనే, సెలవుల పట్టీ వేసేది నేనే, పాత పెద్ద రిటైరైనప్పుడు కేకు చేసింది కూడా నేనే. ఇప్పుడు ఆ పేరు నా వరకూ వచ్చి, టోపీ పెట్టుకున్న నా ఫొటో చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

కాఫీ విరామంలో పోస్టులన్నీ చదివాను. నా అభిప్రాయాలు నేను అంత ఆసక్తిగా ఎప్పుడూ చదవలేదు. గ్రూపు రెండుగా చీలి కొట్టుకుంటోంది. మామూలు ఫ్లూతో ఏటా ఎంతమంది పోతారో తెలుసా అని ఒకడు. లెక్కలు రాని ఆడవాళ్ళకి ఇంటర్నెట్ ఇస్తే ఇంతే అని ఇంకొకడు. 'ఆవిడ చెప్పేదాంట్లో నిజముందేమో' అన్న పాపానికి బేకరీ అమ్మాయికి ఇరవై నవ్వు బొమ్మలు. నన్ను అందరికంటే గట్టిగా ఎదుర్కొంటున్నది మాత్రం హోకాన్ సాండెలిన్ అనే ఆయన. ఆయన నా భర్త.

హోకాన్ బీమా కంపెనీలో ప్రమాదాల లెక్కలు కడతాడు. ఏ ఇంటికి నిప్పంటుకుంటుందో, ఎవరు మెట్ల మీంచి పడతారో ముందే చెప్పగలడు. మెట్లు తుడిచే మనిషి నేను కాబట్టి మా ఇంట్లో ఇంతవరకూ ఎవరూ పడలేదు. గ్రూపులో ఆయన రాసింది: "మన ఊళ్ళో ఒకరికి ఈ కొత్త వైరస్ సోకే అవకాశం, కారుకి అడవి దుప్పి అడ్డం వచ్చే అవకాశంలో పదోవంతు. శాంతంగా ఉందాం." దానికి 'నా' జవాబు: "దుప్పి ఒకరి నుంచి ఇంకొకరికి అంటుకోదు హోకాన్." దానికి ఆయన: "మిత్రులారా, నా భార్య మంచి మనిషి. కాస్త భయస్తురాలు. ఇంట్లో నేను సర్దిచెబుతాను." నూట పన్నెండు మంది బొటనవేళ్ళెత్తారు. 'అయ్యో పాపం హోకాన్' అని ఆరుగురు.

దుప్పి మాట దగ్గర నా కాఫీ చల్లారిపోయింది. ఎందుకంటే ఆ మాట నాదే. పోయినవారం బంగాళాదుంపల తొక్క తీస్తూ హోకాన్‌తో అన్నాను. వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివాను. 'మా అంతస్తులో పదకొండుమంది ముసలివాళ్ళకి చేతులు శుభ్రం చేసుకునే మందు ఒక్క సీసా. అది కూడా సగం.' ఇది చేప వేయిస్తూ అన్నది. 'మాస్కులు అడిగితే దేశమంతా అడుగుతోంది, ఆగమన్నారు. ఊపిరాడనివాడు ఆగుతాడా?' ఇది పిల్లి గిన్నె కడుగుతూ. ఒక్కొక్క పోస్టు దగ్గరా నాకు ఒక్కొక్క వంట గుర్తొచ్చింది. నేను ఇవన్నీ అంటున్నప్పుడు హోకాన్ ఫోన్ చూసుకుంటూ "ఊఁ" అనేవాడు. కొన్నిసార్లు "ఊఁ, ఉప్పు ఇలా ఇవ్వు" అనేవాడు. ముప్పయ్యేళ్ళుగా నా మాటలు అతని చెవుల దాకా వెళ్ళి ప్లేటులో పడిపోతున్నాయనుకున్నాను. పడలేదు. అతను అన్నీ విన్నాడు. అక్షరం పొల్లుపోకుండా విని, నా పేరు పెట్టి ఊరి మీదికి వదిలి, తర్వాత తన పేరుతో వచ్చి వాటిని చూసి నవ్వాడు.

మా ఇంట్లో ఉండేది ముగ్గురం. నేను, హోకాన్, పిల్లి. పిల్లి మీద నాకు అనుమానం లేదు. అది ఏం చేసినా నా మొహం చూస్తూ చేస్తుంది.

ఇంకొకటి కూడా చూశాను. పద్దెనిమిది పోస్టులు నా మాటలు. పంతొమ్మిదోది కాదు. బస్సు గురించీ, పక్క సీటు గురించీ నేనెప్పుడూ ఏమీ అనలేదు.

అనుమానం వేరు, రుజువు వేరు. ఏ ముసలాయన ఏ మాత్ర ఏ టైముకి వేసుకున్నాడో పదకొండేళ్ళుగా రాస్తున్న కన్ను నాది. పోస్టుల టైములు వరసగా రాసుకున్నాను. రెండు ఆదివారాల ఉదయాలు, రెండు గురువారాల సాయంత్రాలు. ఆ నాలుగు పూటలూ నేనెక్కడున్నానో తెలిసిన మనిషి ఊళ్ళో ఒక్కరే. డ్యూటీ దిగగానే గున్వోర్ తలుపు తట్టి, నా అనుమానమంతా చెప్పాను.

గున్వోర్‌కి డెబ్బయ్ తొమ్మిదేళ్ళు. మా అపార్టుమెంటు ఉమ్మడి లాండ్రీ వంతుల పుస్తకం ముప్పయ్యేళ్ళుగా ఆవిడ దగ్గరే ఉంది. వంతు దాటి పదినిమిషాలు మెషీన్ తిప్పినవాళ్ళకి గోడ మీద చీటీ పెట్టి పరువు తీస్తుంది. తొంభై నాలుగులో ఒకసారి నీళ్ళు పొర్లాయని, మెషీన్ తిరుగుతూండగా మనిషి అక్కడే కూర్చోవాలని రూలు పెట్టింది. ఆ గది బాంబుల కాలంలో కట్టిన నేలమాళిగ. ఉక్కు తలుపు, మోచేతి మందం గోడలు. లోపల ఫోన్ అసలు పనిచెయ్యదు.

ఆవిడ పుస్తకం తెరిచి వేలు పెట్టి చూపించింది. "ఇరవై మూడు ఆదివారం, ఎనిమిది నుంచి పదకొండు, సాండెలిన్. ఇరవై ఏడు గురువారం, సాండెలిన్. ఒకటో తారీకు ఆదివారం, సాండెలిన్. నిన్న, సాండెలిన్. నాలుగుసార్లూ నువ్వే. మీ ఆయన వంతు ఒక్కటీ లేదేం అమ్మాయ్? ఆయన బట్టలు వేసుకోడా?"

"వేసుకుంటాడు. ఈ నాలుగు వంతులూ ఆయన సెలవుల్లో కొండల మీద మంచులో పొర్లాడి తెచ్చిన బట్టలకే పోయాయి."

అప్పుడే నా ఫోన్ మోగింది. మా అత్తగారు మైబ్రిట్. ఆవిడ కూడా గ్రూపులో ఉంది.

"ఏంటమ్మా ఇల్వా ఆ రాతలు? వాడి పరువు తీస్తున్నావు. మా హోకాన్‌కి భయమంటే ఏంటో తెలీదు. చిన్నప్పుడు ఉరుములొస్తే కూడా వాడు భయపడేవాడు కాదు. 'చెల్లి భయపడుతోందమ్మా' అని వచ్చి నా మంచంలో పడుకునేవాడు."

"చెల్లి కూడా వచ్చి పడుకునేదా అత్తయ్యా?"

"అదెందుకొస్తుంది? దానికి ఉరుము వినపడితేగా. మొద్దునిద్ర."

ఫోన్ పెట్టేశాక కాసేపు నేను నవ్వాలో, గోడకి తల కొట్టుకోవాలో తేల్చుకోలేకపోయాను. గున్వోర్ నా మొహం చూసి చరిత్రలో లేని పని చేసింది. తన శుక్రవారం వంతు కొట్టేసి నా పేరు రాసింది. "అయిదు నుంచి ఎనిమిది. వెళ్ళి ఎర వేసి రా. నా ఫోన్ ఛార్జింగ్‌లో పెడతా."

శుక్రవారాలు మా ఇంట్లో టాకోలే, కూరా జున్నూ పెట్టి చుట్టుకునే రొట్టెలు, కాబట్టి అవే తొందరగా చేశాను. హోకాన్ మూడోది చుట్టుకుంటూండగా, దోసకాయ తరుగుతూ, గోడకి చెబుతున్నట్టు అన్నాను. "భయం లేని మగాణ్ణి నేనింతవరకూ చూడలేదు. భయం ఇంకొకళ్ళ మీద పెట్టి బతికేవాళ్ళనే చూశాను."

"ఊఁ," అన్నాడు హోకాన్. "ఆ జున్ను ఇలా ఇవ్వు."

జున్ను ఇచ్చి, బట్టల బుట్ట చంకన పెట్టుకుని, "వంతు దొరికింది, ఎనిమిదింటికి వస్తా," అని కిందికి దిగాను. లాండ్రీకి కాదు, గున్వోర్ వంటింటికి. ఇద్దరం ఫోన్ మధ్యలో పెట్టుకుని కూర్చున్నాం. ఆరో నిమిషంలో నా టోపీ కనపడింది. నా మాటే, ఒక్క ముక్క తేడా లేదు. ఏడో నిమిషంలో హోకాన్ జవాబు: "నా భార్య ఈమధ్య తత్వవేత్త అయింది. మన్నించండి." బొటనవేళ్ళు లేవడం మొదలయ్యాయి.

గున్వోర్ కళ్ళజోడు సవరించుకుంది. "తనని తనే తిట్టుకుంటున్నాడా?"

"కాదు. నన్నే తిడుతున్నాడు. రెండు చేతులతో."

బుట్ట అక్కడే వదిలి పైకెళ్ళాను. హోకాన్ బల్ల దగ్గరే ఉన్నాడు. ఒళ్ళో పిల్లి, కుడిచేతిలో తన ఫోన్, ఎడమచేతి కింద మా పాత టాబ్. ఆరేళ్ళ క్రితం మంచు మీద నడిపే మోటారు బండి అమ్మడానికని నా పేరుతో అతనే ఖాతా తెరిచిన టాబ్. ఆ బండి ఇప్పటికీ అమ్ముడుపోలేదు.

"అప్పుడే అయిపోయిందా ఉతకడం?" అన్నాడు.

"పద్దెనిమిది నావి. ఇవాళ్టిది కూడా నాదే. పంతొమ్మిదోది ఎవరిది?"

"ఊఁ?"

"జున్ను ఇవ్వను. చెప్పు."

పిల్లి ముందు దిగి వెళ్ళిపోయింది. హోకాన్ టాబ్‌ని బోర్లించాడు, అదేదో దాని తప్పైనట్టు. "రూనె," అన్నాడు. రూనె అతనితో ఇటలీ కొండలకి వెళ్ళిన మిత్రుడు. ఇరవై నాలుగు గంటల బస్సులో పక్క సీటు. "వచ్చిన మూడోరోజే జ్వరం పట్టుకుంది. నిన్న ఆస్పత్రిలో చేర్చారు. అక్కడి తిండిని తిడుతున్నాడట, కాబట్టి ఫరవాలేదు."

వచ్చిన మూడోరోజు. ఆ రోజే కదా హోకాన్ నడుం నొప్పని, వేరే ఉంటున్న మా అబ్బాయి పాత గదిలోకి మారింది. అప్పట్నుంచీ నేను రోజూ ఆ నడుముకి మందు రాస్తున్నాను.

"పదిరోజులు," అన్నాను. "పదిరోజులుగా నేను వాల్‌ఫ్రిడ్ తాత నోట్లో జావ పెడుతున్నాను హోకాన్."

"నాకేమీ లేదు కదా. లెక్క ప్రకారం నీకు అంటుకునే అవకాశం..."

"ఆ లెక్క వాల్‌ఫ్రిడ్ తాతకి చెప్పు. ఆయనకి తొంభై మూడు."

అతను ప్లేటు పక్కకి జరిపాడు. చేతులు బల్లమీద పెట్టుకుని కూర్చున్నాడు. చేతులు కడిగీ కడిగీ ఎర్రగా పగిలి ఉన్నాయి. నేనింతవరకూ చూడలేదు. నావి కూడా అలాగే ఉంటాయి కాబట్టి వింతగా అనిపించి ఉండదు.

నిజానికి నా పని ఇప్పుడు తేలిక. గున్వోర్ పుస్తకం చాలు. సోమవారం వెళ్ళి 'ఇవేవీ నావి కావు' అంటే ఉద్యోగం నాది. కానీ నావి కావంటే ఆ సగం సీసా ఎవరిది? రాని మాస్కులు ఎవరివి? ముప్పయ్యేళ్ళలో మొదటిసారి నా మాట నలుగురూ విన్నారు, అదీ ఒక దొంగ నోటి నుంచి. దొంగని పట్టుకున్నాను కదా అని నా సొమ్మే నాది కాదంటానా?

పెర్నిల్లాకి ఫోన్ చేశాను. "రేపట్నుంచి నేను రావడం లేదు. మా ఇంట్లో ఇటలీ బస్సు దిగిన మనిషున్నాడు. వాల్‌ఫ్రిడ్ తాతని కనిపెట్టుకుని ఉండు. సోమవారం ఇంటర్వ్యూ ఫోన్‌లో చెయ్యి."

"మరి ఆ పోస్టులు?"

"రాసింది నేను కాదు. అన్నది నేనే. సోమవారం నువ్వు అడిగితే అన్నీ మళ్ళీ అంటాను, నీ మొహం మీదే. ఆ సీసాలో సగమే ఉందన్నది నీకూ తెలుసు."

"పావు," అంది పెర్నిల్లా. "ఇవాళ చూశాను. సరే, మరి రుజువు?"

"కాసేపాగి గ్రూపు చూడు."

ఫోన్ పెట్టేసి టాబ్ తీసి బీరువాలో పెట్టాను. హోకాన్ ఫోన్ అతని ముందుకి తోశాను. "ఇప్పుడు నీ పేరుతో. నీ ఫొటోతో."

"ఏం రాయాలి?"

"నేను చెప్పకుండానే ఇన్ని రాశావు కదా."

నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలూ నేను కుర్చీలో ఊరికే కూర్చున్నాను, గిన్నెలు తియ్యలేదు, మిగిలిన టాకో తిన్నాను. రెండుసార్లు అతను తల ఎత్తి నా వైపు చూశాడు, సాయం చేస్తానేమోనని. దోసకాయ ముక్క నోట్లో వేసుకున్నాను. ఏడున్నరకి గ్రూపులో ఇది వచ్చింది. ఒక్క అక్షరం నేను ముట్టుకోలేదు.

"నేను హోకాన్ సాండెలిన్‌ని. పన్నెండు రోజులుగా ఇక్కడ ఇల్వా పేరుతో రాస్తున్నది నేనే. ఆమెని ఎగతాళి చేస్తూ జవాబులిచ్చిందీ నేనే. ఆ మాటలు ఆమెవి. భోజనం దగ్గర విన్నాను, విననట్టు కూర్చున్నాను. నిన్నటిది మాత్రం నాది. బస్సులో నా పక్కన కూర్చున్నవాడికి జ్వరం. నాకు పదిరోజులుగా తెలుసు. ఇంట్లో నడుం నొప్పని చెప్పాను. నా నడుం బాగానే ఉంది. మీకు దుప్పి లెక్కలు చెప్పిన ప్రతిసారీ లేచి వెళ్ళి చేతులు కడుక్కున్నాను. నాకు చాలా భయంగా ఉంది. మా ఇంట్లో భయపడడం ఎప్పుడూ ఇల్వా పనే, వంటలాగా, బట్టలలాగా. అందుకే అది కూడా ఆమె పేరు మీదే చేశాను."