కాలు జారని పడవ

పొద్దున ఫ్యాక్టరీ బస్సు రాకముందే అన్నపూర్ణ పెరట్లోకి వెళ్లి పడవ మీద పేరుకున్న ఉప్పు ఊడ్చేది. చేటలోకి ఎత్తి గోడ మీద పెడితే, అవతలింటి మొగులమ్మ తీసుకుని తన బర్రెకు కుడితిలో వేసేది. తర్వాత అన్నపూర్ణ తలుపుకు తాళం వేసి పటాన్‌చెరు రోడ్డు మీదికి నడిచేది. రామచంద్రాపురంలోని పెద్ద ఫ్యాక్టరీ క్యాంటీన్లో ఆమెకు పని. భర్త వెంకటరామయ్య అక్కడే ఫిట్టరుగా చేస్తూ గుండెనొప్పితో పోతే ఆ ఉద్యోగం ఆమెకు ఇచ్చారు.

పడవ వెంకటరామయ్య తండ్రిది. నాగాయలంక దిగువన కృష్ణ సముద్రంలో కలిసే చోట తెరచాప ఎత్తుకుని ఉప్పూ తాటాకూ మోసిన పడవ. ముసలాయన పోయాక దాన్ని వంటచెరుక్కి కొట్టేస్తారని తెలిసి, వెంకటరామయ్య లారీ మీద ఇంత దూరం తెప్పించుకున్నాడు. ఐలన్న అనే రైతు దగ్గర ఇల్లు కిరాయికి తీసుకున్నది కూడా పెరడు పడవకు సరిపోతుందనే. అక్కడ రాళ్లు పేర్చి నిలబెట్టాడు.

నాగాయలంకలో సముద్రం పోటు మీదికి వచ్చే వేళకు ఇక్కడ పడవ రాళ్ల మీంచి మూరెడు లేచేది. ఒక పక్క నుంచి ఉప్పునీళ్లు ఎక్కి, పైబల్లల మీదుగా పారి, రెండో పక్కన కారిపోయేవి. ఆటు వేళకు పడవ మళ్లీ మెల్లగా రాళ్ల మీద కూర్చునేది. ఊళ్లో దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. ఐలన్న మాత్రం వచ్చినప్పుడల్లా, "ఈడ గడ్డి మొలుస్తలేదమ్మా. నీళ్లు జెర అటు మోరీలకు పోయేటట్టు సూడున్రి" అనేవాడు. వెంకటరామయ్య బతికి ఉండగానే చిన్న కాలవ తవ్వి పెట్టాడు.

ఆయన పోయాక అన్నపూర్ణకు సాయంత్రాలు గడవడం కష్టమైంది. క్యాంటీన్లో వందల మందికి వడ్డించేది. పప్పు కావాలా, చారు కావాలా అని అడగడమే తప్ప ఇంకో మాట ఉండేది కాదు. ఇంటికొచ్చాక ఆ మాత్రం కూడా లేదు. పోటు సాయంత్రం వేళ పడిన రోజుల్లో నిచ్చెన వేసుకుని పడవ ఎక్కి, తెరచాప కొయ్యకు వీపు ఆనించి కూర్చునేది. పడవ కొద్దిగా ఊగేది. పాదాల మీదుగా నీళ్లు పోయేవి. ఎవరో పక్కనే ఉండి ఏదో పని చేసుకుంటున్నట్టు అనిపించేది. అంతకంటే ఆమె ఏమీ కోరుకోలేదు.

బోనాలు వెళ్లాక ఒకరోజు, పాచి పట్టిన బల్ల మీద కాలు జారి కింద పడింది. కుడి మణికట్టు విరిగింది. మొగులమ్మే రిక్షా పిలిచి దవాఖానకు తీసుకుపోయింది.

సంగతి తెలిసి మరిది నాంచారయ్య బెజవాడ నుంచి వచ్చాడు. అక్కడ అతను లారీ ఆఫీసు నడుపుతున్నాడు. వదిన చేతి కట్టును చూశాడు, పడవను చూశాడు.

"ఇంకోసారి పడితే నడుమే పోతుంది వదినా. అప్పుడు నిన్నెవరు చూస్తారు? ఊరుగాని ఊరు."

"మొగులమ్మక్క ఉందిగా."

"ఆవిడ పనులు ఆవిడకుంటాయి. పడవని కోత మిల్లుకి ఇచ్చేద్దాం. నువ్వు బెజవాడ వచ్చెయ్. మా ఆవిడకి కూడా ఇంట్లో కాస్త ఆసరాగా ఉంటావు."

ఆ ఇల్లు అన్నపూర్ణకు తెలుసు. భర్త పోయిన కొత్తలో కొన్నాళ్లు అక్కడే ఉంది. వంటింటి పక్కన బియ్యం బస్తాలు పెట్టే గది ఆమెకు ఇచ్చారు. ఇంటినిండా మనుషులే గాని, ఆమెతో కూరల గురించి తప్ప ఎవరూ మాట్లాడలేదు. నాంచారయ్య చెడ్డవాడు కాదు. తను ఒక మనిషికి నీడ ఇస్తున్నానని నిజంగానే నమ్ముతున్నాడు. 

"జారకుండా చేయిస్తాను" అంది అన్నపూర్ణ.

"ఏం చేయిస్తావు? అది పాత పడవ."

"జారకుండా ఏదో ఒకటి పరుస్తాను. నువ్వే ఎక్కి చూడు. జారితే నీ వెంట వచ్చేస్తాను."

నాంచారయ్య పడవ వైపు ఇంకోసారి చూశాడు. "దీపావళి వెళ్లాక లారీ తీసుకొస్తా. అప్పుడు ఎక్కి చూస్తా" అని వెళ్లిపోయాడు.

చేతి కట్టు విప్పాక అన్నపూర్ణ పని మొదలుపెట్టింది. వెంకటరామయ్యతో కలిసి పనిచేసిన బాలప్ప అనే ఆయన రబ్బరు బెల్టు ముక్కలు పాత సామాను కొట్లో దొరుకుతాయని చెప్పాడు. అవి తెచ్చి పరిచింది. తడిలో బాగానే ఉంది. కాని పగటి ఎండకు రబ్బరు పెనంలా కాలి అరికాళ్లు బొబ్బలెక్కాయి. పైగా దాని కింద చేరిన నీళ్లు బయటికి పోక, కొన్నాళ్లకే బల్లల నుంచి కుళ్లు వాసన మొదలైంది. పీకేసింది. ఐలన్న సలహా మీద గోనెసంచులు తారులాంటి కీలు నూనెలో ముంచి అంటించింది. ఎండకు అది కరిగి కాళ్లకు పట్టుకుంది. ఇంట్లో గచ్చంతా నల్లటి అడుగులు పడ్డాయి.

"ఏంది చెల్లె, గట్ల మడిమల మీద నడుస్తున్నవ్?" అంది మొగులమ్మ గోడ మీంచి చూసి.

"కీలు వదలట్లేదక్కా."

మొగులమ్మ నువ్వులనూనె గిన్నె పట్టుకుని వచ్చింది. మెట్టు మీద కూర్చుని, అన్నపూర్ణ పాదం తన ఒడిలోకి తీసుకుని, గుడ్డతో రుద్దింది. అలా ఒకరు తన కాలు పట్టుకుని ఎంతకాలమైందో అన్నపూర్ణకు గుర్తు రాలేదు. తల పక్కకు తిప్పుకుంది.

తర్వాత పెయింటు పూసి మంజీర ఇసుక చల్లింది. అడుగు బాగా నిలిచింది. కాని అరికాలి తోలు లేచిపోయింది. పోటుకు ఉబ్బి, ఎండకు బిగుసుకునే పాత బల్లల మీద ఆ పెయింటు నిలవలేదు, ఇసుకతో సహా పెచ్చులుగా ఊడి వచ్చింది. ఒక పెచ్చును చేతిలో విరిచి చూసింది. బల్లలు కదిలితే తనూ కదిలేది ఏదైనా అడుగున ఉండాలి. పైన గరుగ్గా ఉండాలి, కాలిని కొయ్యకూడదు. అంతవరకు అర్థమైంది.

అడుగున ఏం వేయాలో ఆమెకు తెలుసు. తెలిసి కూడా కొన్నాళ్లు ఆ పెట్టె జోలికి పోలేదు. అందులో తెరచాప ఉంది. మామగారు కుట్టించిన మందపాటి నూలుగుడ్డ. ఎప్పుడైనా సెలవు పెట్టి పడవను మళ్లీ నాగాయలంక తీసుకుపోయి తెరచాప ఎత్తుతానని వెంకటరామయ్య అంటుండేవాడు. ఒక ఆదివారం దాన్ని పెరట్లో పరిచి కత్తెర పట్టుకుంది. మొదటి కోత వేశాక ఆగింది. ఇక పడవ ఎక్కడికీ పోదు. ఆ మాట పైకి అనుకుని, మిగతాది ఆగకుండా కోసేసింది.

పైన వేయడానికి కావలసింది మాత్రం క్యాంటీన్లో దొరికింది. రోజూ చట్నీకి కొబ్బరి కోరాక చిప్పలు గుట్టగా పడి ఉంటాయి. పనైపోయాక కడుగుతూ ఉంటే ఒక చిప్ప విరిగింది. దాని అంచును వేలితో తడిమి చూసింది. గట్టిగా ఉంది, తడిసినా మెత్తబడలేదు, రాయిలా కొయ్యలేదు. సంచీ నిండా చిప్పలు ఇంటికి తెచ్చింది.

"గివేం జేస్తవ్?" అంది మొగులమ్మ.

"దంచుతానక్కా. నీ రోలు కావాలి."

"రోలు ఖరాబు గాదా?"

"అయితే కొత్తది కొనిస్తాను."

"నువ్వేం కొనియ్యకు. ఆ రోకలి ఇటియ్యి, నీ చేతికి ఇంకా జోరు రాలే."

మొగులమ్మ భర్త బొంబాయిలో పనికి పోయి తిరిగి రాలేదు. ఆ సంగతి అన్నపూర్ణకు ఐలన్న ద్వారా తెలుసుగాని, చిప్పలు దంచిన ఆ సాయంత్రాల్లోనే మొగులమ్మ నోటి నుంచి మొదటిసారి విన్నది. "పరేషాన్ అయితే అయిన మొదట్ల. ఇగ ఇప్పుడు ఆయన మొకం సుత యాదికి రాదు" అంది మొగులమ్మ రోకలి ఆపకుండా. దంచినదాన్ని రవ్వ జల్లెడ పట్టారు. బల్లల మీద పెయింటు మందంగా పూసి, ఆ తడి మీద తెరచాప గుడ్డ లాగి పరిచారు. దాని మీద ఇంకో పూత పూసి, విత్తనాలు చల్లినట్టు చిప్పల నూక చల్లారు. ఆరాక పట్టు లేని నూకను ఊడ్చి, పైన మళ్లీ పలచగా పూశారు.

ఆ సాయంత్రం పోటు వచ్చింది. అన్నపూర్ణ పారే నీళ్లలో ముక్కు నుంచి తోక దాకా నడిచింది. కాలు నిలిచింది.

నవంబరులో ఒక శనివారం మధ్యాహ్నం నాంచారయ్య లారీతో వచ్చాడు. కోత మిల్లు మనిషిని కూడా వెంట తెచ్చాడు. ఆకాశం మబ్బుగా ఉంది. తీరంలో తుఫాను హెచ్చరిక ఉందని దారిలో రేడియోలో విన్నామని మిల్లు మనిషి చెప్పాడు. అన్నపూర్ణ ముందు తను ఎక్కి, "రా, చూడు" అంది. నాంచారయ్య చెప్పులు విడిచి నిచ్చెన మీద కాలు పెట్టాడు.

అది పోటు వేళ కాదు. అయినా పడవ లేచింది. నిచ్చెన పక్కకు పడిపోయింది. మూరెడు దాటి, గోడ ఎత్తు దాటి, ఇంటి కప్పు ఎత్తుకు పోయింది. కింద ఉండిపోయిన నాంచారయ్య, మిల్లు మనిషి, గోడ అవతల మొగులమ్మ తలలెత్తి చూస్తుండగా నల్లటి నీళ్లు పడవ మీదుగా విరుచుకుపడ్డాయి. నీళ్లలో తాటాకు కప్పులు, గాబులు, చచ్చిన మేకలు కొట్టుకుపోతున్నాయి. అన్నపూర్ణ తెరచాప కొయ్యను ఒక చేత్తో చుట్టుకుంది. నీళ్లు నడుముదాకా వచ్చి లాగాయి. పాదాలు కదల్లేదు.

అంతలో ఒక ఆడమనిషి అంచు మీంచి వచ్చి పడింది. బోర్లా పడి అలాగే ఉండిపోయింది. వెనక్కి పోయే నీరు ఆమెను ఈడ్చుకుపోవాలి. కాని ఆమె చెంపా చేతులూ ఆ గరుకుకు పట్టుకున్నాయి. ఆ కాస్త ఆలస్యంలోనే అన్నపూర్ణ కొయ్యను వదిలి రెండడుగులు వేసి, ఆమె చీర కొంగును మణికట్టుకు చుట్టుకుని, కాళ్లు తన్నిపెట్టి కూర్చుంది. నీళ్లు వాళ్ల మీదుగా పోతూనే ఉన్నాయి. ఇంకెవరైనా వస్తారేమోనని ఆమె చూసింది. మనుషులు వచ్చారు. అందలేదు.

చీకటి పడేలోపు పడవ దిగింది. నాంచారయ్య ఎక్కి ఆ మనిషిని భుజాన వేసుకుని, నీళ్లు కారుతున్న పైబల్లల మీద నడిచి వచ్చి కిందికి దించాడు. మొగులమ్మ పొయ్యి రాజేసి జొన్న గట్క కాచింది. కోత మిల్లు మనిషి ఎప్పుడు వెళ్లిపోయాడో ఎవరూ గమనించలేదు.

దివిసీమ ఉప్పెన సంగతి రేడియోలో వచ్చాక నాంచారయ్య లారీలో ఐలన్న ఇచ్చిన జొన్నలు, ఊళ్లోవాళ్లు ఇచ్చిన బట్టలు వేసుకుని తీరానికి బయలుదేరాడు. వెళ్లేముందు గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"నువ్వు వస్తావా వదినా?"

"ఆవిణ్ణి వదిలేసి ఎలా వస్తాను?"

అతను తల ఊపాడు. పడవ మాట ఎత్తలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ ఎత్తలేదు.

ఆమె పేరు కనకమహాలక్ష్మి. ఆ ఒక్క మాట చెప్పడానికే ఆమెకు కొన్ని రోజులు పట్టింది. చెంప మీద గీతలు మానుతున్నాయి. ఆమె వాళ్లెవరూ మిగల్లేదని నాంచారయ్య కబురు పంపాడు. అది విని ఆమె ఏడవలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. అన్నపూర్ణ పక్కన కూర్చుంది.  

ఒక పొద్దున కనకమహాలక్ష్మి లేచి వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంది. పెరట్లో పడవ మూరెడు లేచి ఊగుతోంది. నీళ్లు కాలవలో పడి మోరీ వైపు పోతున్నాయి. ఆమె ఆ నీళ్లనే చూస్తోంది.

"ఇక్కడికి కూడా వస్తుందా?" అంది.

అన్నపూర్ణకు అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయింది.

"రోజూ వస్తుందమ్మా. పడవ దాకానే వస్తుంది."

"ఈ గడప?"

"ఎప్పుడూ దాటలేదు."

 నీళ్లు తగ్గి పడవ రాళ్ల మీద కూర్చున్న చప్పుడు వినిపించింది. అప్పుడు కనకమహాలక్ష్మి కాళ్లు దగ్గరికి ముడుచుకుని, చీర కొంగు భుజాల చుట్టూ కప్పుకుంది.

"అయితే ఉంటాను" అంది.