ఎర్రగీత

మా ప్రెస్సులో ఒక కట్టుబాటుంది. అచ్చయిన ప్రతి కాగితమూ మా చెల్లి చూడాల్సిందే. తప్పు దొరికితే ఎర్ర పెన్సిల్‌తో అడ్డంగా గీత కొడుతుంది. గీత పడ్డ కాగితం గుమ్మం దాటదు. మిషను నడిపే బాబాయికి యజమానురాలినైన నేనంటే లెక్కలేదు గానీ, ఆ పెన్సిలంటే హడల్.

చెల్లికి ముప్పై ఏళ్లు. డౌన్ సిండ్రోమ్‌తో పుట్టింది. అక్షరం అక్షరం కూడబలుక్కుని నెమ్మదిగా చదువుతుంది. అందుకే దాని కళ్లుగప్పి ఏ తప్పూ పోలేదు.

మొన్న డౌన్ సిండ్రోమ్ అవగాహన సంఘం కార్యదర్శి పోస్టర్ల కోసం వచ్చేసరికి, రెండు వందలకు రెండు వందలూ ఎర్రగీతలే! పొద్దున్నుంచీ వంచిన తల ఎత్తకుండా కొట్టింది. ఏడాది పొడుగునా మాకు పనిచ్చేది ఆ సంఘమే.

పోస్టరు మీద ఏడుపుమొహంతో ఒక పాప. కింద పెద్దక్షరాల్లో: ‘వీళ్లపై జాలి చూపండి.’

"ఇదేంటండీ! తప్పెక్కడుంది?" అన్నాడాయన నాతో. చెల్లి ఎదురుగానే ఉంది.

"తననే అడగండి."

"ఆ అమ్మాయికేం తెలుస్తుందండీ, పాపం! ముందు ఆ బల్ల దగ్గర్నుంచి లేపండి. లేదంటే మా పనులన్నీ వేరే ప్రెస్సుకిచ్చుకుంటాం."

సిగ్గు విడిచి చెబుతున్నాను, లేపుదామా అని ఒక్క క్షణం నాకూ అనిపించింది.

చెల్లి పోస్టరు మీద వేలు పెట్టింది. "జాలి. ఇది తప్పు."

"మరేం రాయాలమ్మా?" వెటకారంగా అడిగాడాయన.

"బస్సులో నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీయే. నించుంటారు గానీ కూర్చోరు. పక్కన కూర్చోండి అని రాయండి."

ఇన్నేళ్లలో ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదు. ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. కోపమే గెలిచింది.

"విన్నారుగా! మా చెల్లి అక్కణ్ణుంచి లేవదు. ఈ పోస్టర్లు గుమ్మం దాటవు. అది చెప్పిన మాట కావాలంటే సాయంత్రానికి అచ్చేసిస్తాను. వద్దంటే మీ ఇష్టం, దారి అటు."

చెల్లి తను కూర్చున్న బెంచీ మీది కాగితాల కట్టలు తీసి కింద పెట్టింది.

"కూర్చోండి."

ఆయన గుమ్మం వైపు చూశాడు, నా వైపు చూశాడు. చివరికి బెంచీ ఆ కొసన, దూరంగా, కూర్చున్నాడు.

చెల్లి పెన్సిలు చెక్కుకుంటూ తలెత్తకుండానే అంది.

"ఇంకొంచెం ఇటు."