కడుపులో బోణీ బిళ్ళ

నేను ఒక పరీక్షాధికారిని. జీతం లేదు, సెలవు లేదు, కుర్చీ అసలే లేదు. గోడకు స్క్రూలతో బిగించిన చిన్న ఇనుప డబ్బాను. ముఖాన ఒక సన్నటి చీలిక, దాని కింద ఒక చిన్న తొట్టి. చీలికలో మీరు ఐదు రూపాయల బిళ్ళ వేస్తే అది అసలుదో కాదో తేలుస్తాను. అసలుదైతే మింగుతాను, కాకపోతే తొట్టిలోకి ఉమ్ముతాను. మింగానంటే పక్కనున్న గొట్టంలోంచి ఇరవై లీటర్ల మంచినీళ్ళు వస్తాయి. ఉమ్మానంటే మీరు నన్ను తిడతారు. నా ఉద్యోగం మొత్తం ఇంతే. ఇంతకంటే తక్కువ పనిచేసి ఇంతకంటే ఎక్కువ దండలు వేయించుకునేవాళ్ళను తర్వాత చాలామందిని చూశాను.

పుట్టింది హైదరాబాదు శివారులో ఒక రేకుల షెడ్డులో. మా షెడ్డులో పెద్ద యంత్రాలు కూడా తయారయ్యేవి. రూపాయి, రెండు, ఐదు, పది అన్నీ కలిపి గుమ్మరిస్తే వేటికవి వేరుచేసి సంచుల్లోకి పంపే ఘనులు వాళ్ళు. బ్యాంకులకు, పెద్ద పెద్ద దేవాలయాలకు ఏసీ గదుల్లోకి వెళ్ళిపోయారు. నాకు నీళ్ళ ప్లాంటు రాసిపెట్టి ఉంది.

నా పరీక్ష ఎలాంటిదో చెబుతాను, పెద్ద రహస్యమేమీ కాదు. బిళ్ళ మీద ఏ బొమ్మ ఉందో, ఏ సంవత్సరం ఉందో నేను చూడను. నా లోపల రాగితీగ చుట్టలు రెండు జతలున్నాయి. వాటిలో కరెంటు పారితే చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది. ఒక జత మధ్య ఒక నమూనా బిళ్ళను ఇరికించి పెడతారు. రెండో జత మధ్యలోంచి మీరు వేసిన బిళ్ళ జారుతుంది. లోహాన్ని బట్టి, మందాన్ని బట్టి ఆ క్షేత్రం మారుతుంది. రెండు చోట్లా ఒకేలా మారితే ‘మనవాడే’ అంటాను. మారకపోతే ‘పో’ అంటాను. అంటే ఏది మంచి బిళ్ళో ఏది చెడ్డ బిళ్ళో నాకు నిజానికి తెలియదు. నా కడుపులో ఉన్నదానిలా ఉందా లేదా అన్నది ఒక్కటే తెలుసు. మనుషులు కూడా ఇలాగే తీర్పులు చెబుతారట. వాళ్ళకు రాగితీగ ఖర్చు కూడా లేదు.

నన్ను తీసుకెళ్ళి బిగించిన ఊరు నల్లగొండ వైపుది. పేరు చెప్పను, ఊరు మంచిదే. నీళ్ళే చెడ్డవి. బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఉండేది. ఆ నీళ్ళు తాగి పెరిగిన పెద్దలకు పళ్ళ మీద గోధుమరంగు చారలు, వయసు రాకముందే వంగిపోయిన మోకాళ్ళు. ఆ ఊళ్ళో నవ్వొస్తే అందరూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. మొదట్లో అది మర్యాద అనుకున్నాను.

ఇక ఆ నీళ్ళను వడగట్టే ప్లాంటు ప్రారంభోత్సవం. ఆ ఊరి సర్పంచి సువర్ణ. ఆ సంగతి రిబ్బను కత్తిరించేటప్పుడు ఆమెకు కూడా గుర్తు చేశారు. మిగతా రోజుల్లో సర్పంచి పనులన్నీ ఆమె భర్త జానయ్య చూసుకునేవాడు. భార్యకు శ్రమ తగ్గించాలని సంతకం కూడా తనే పెట్టేవాడు. కొబ్బరికాయ కొట్టారు. నా నుదుట పసుపు, కుంకుమ. చీలికలో కొంచెం బియ్యం కూడా పోశారు. అవి దులుపుకోవడానికి నాకు వారం పట్టింది.

అప్పుడు మెకానిక్ నా మూత విప్పి, “శాంపిల్‌కు ఒక ఐదు రూపాయల బిళ్ళ ఇవ్వండి సార్,” అన్నాడు.

జనంలోంచి నలుగురు జేబుల్లో చేతులు పెట్టారు. జానయ్య అందరినీ ఆపాడు.

“ఆగుర్రి. ఏదంటే అది పెట్టనిస్తనా? ఇది బోణి బిళ్ళ,” అంటూ మైకు అందుకున్నాడు. “ముత్యాలమ్మ తల్లి పళ్ళెంలకెల్లి తెచ్చిన. తల్లి బిళ్ళ లోపలుంటె మన ఊరికి నీళ్ళ కరువే ఉండది!”

చప్పట్లు. ఆ పళ్ళెంలో ఎన్నేళ్ళ నుంచి ఉందో గాని, అది పాతకాలపు తెల్లబిళ్ళ. దొడ్డుగా, బరువుగా, అంచు దాకా పసుపు పేరుకుని ఉంది. మెకానిక్ దాన్ని చూసి ఏదో చెప్పబోయి నోరు తెరిచాడు. ముహూర్తం దాటిపోతోందని పంతులు గదమాయించగానే మూసుకున్నాడు. అమ్మవారి బిళ్ళ నా కడుపులోకి చేరింది. అదే పళ్ళెంలోంచి తెచ్చిన ఇంకో తెల్లబిళ్ళను జానయ్య చీలికలో వేశాడు. మింగాను. నీళ్ళు దూకాయి. ఫొటోలు తీశారు. మెకానిక్ ఆ సాయంత్రం బస్సుకే పారిపోయాడు.

మర్నాడు పొద్దున ఆడవాళ్ళు క్యాన్లతో వరుస కట్టారు. మొదటావిడ బిళ్ళ వేసింది. ఉమ్మాను. రెండో ఆవిడ వేసింది. ఉమ్మాను. ఈ రోజుల్లో జనం చేతుల్లో తిరిగేవన్నీ పసుపుపచ్చటి పలచని బిళ్ళలు. తెల్లవీ సర్కారువే, పచ్చవీ సర్కారువే, రెండూ చెల్లేవే. కానీ నా కడుపులో ఉన్నది తెల్లది. దానిలా లేనిదేదీ నాకు బిళ్ళే కాదు.

ఇక చూడాలి వాళ్ళ తంటాలు. బిళ్ళను బండకేసి రుద్దారు. చింతపండుతో తోమారు. కళ్ళకద్దుకుని వేశారు. ఒకాయన నన్ను చెంప మీద కొట్టినట్టు కొట్టి మళ్ళీ వేశాడు. రేడియోలను అలా కొట్టి బాగుచేసిన తరం. జానయ్య వచ్చి, ఆ బిళ్ళలన్నీ దొంగవని తేల్చేశాడు. యంత్రం అబద్ధం చెప్పదట! నా గురించి అంత గొప్పగా మాట్లాడినవాడు ఆయనొక్కడే, అదీ తప్పుగా.

ఎవరో మెకానిక్‌కు ఫోను చేశారు. “లోపలున్న తెల్లబిళ్ళ తీసి పచ్చది పెట్టండి. రెండు స్క్రూల పని,” అన్నాడు. రెండు స్క్రూలే. ఆ ఊళ్ళో ఒక్కరూ వాటి జోలికి పోలేదు. అమ్మవారి బిళ్ళ, ముహూర్తానికి పెట్టిన బోణీ. తీస్తే అరిష్టమన్నాడు జానయ్య. అందరూ తలలూపారు. స్క్రూ తిప్పడం కంటే లోకాన్ని తిప్పడమే వాళ్ళకు సులువనిపించింది. అందుకని ఊరు ఊరంతా తెల్లబిళ్ళల వేటలో పడింది.

పోపుల డబ్బాలు వెతికారు. పిల్లల మట్టిముంతలు పగలగొట్టారు. దేవుడి పటాల వెనక చేతులు పెట్టి తేళ్ళతో కుట్టించుకున్నారు. కిరాణం కొట్టు వీరేశం సంగతి అర్థం చేసుకుని, చుట్టుపక్కల ఊళ్ళలో తెల్లబిళ్ళలు ఏరి తెచ్చి కొట్లో పెట్టాడు. ఐదు రూపాయల బిళ్ళ ఏడు రూపాయలు. కొన్నాళ్ళకు పది. నా డబ్బా తాళం జానయ్య దగ్గర ఉండేది. పొద్దున నేను మింగిన బిళ్ళలు మధ్యాహ్నానికి ఆయన జేబులోకి, సాయంత్రానికి వీరేశం గల్లాలోకి వెళ్ళేవి. తెల్లారితే మళ్ళీ నా నోట్లోకి. తిరిగి తిరిగి అవే బిళ్ళలు. కొన్నింటితో నాకు బాగా పరిచయమైపోయింది. ఒకదానికి అంచున సొట్ట, అది రాని రోజు బెంగగా ఉండేది.

అందరూ సర్దుకున్నారు. సర్దుకోలేనిది సైదమ్మ ఒక్కతే. సైదమ్మ అంగన్‌వాడీలో ఆయా. బోరు నీళ్ళు ఆమెను రెండు మోకాళ్ళ దగ్గరా వంచేశాయి. పళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. నవ్వొచ్చినప్పుడల్లా కొంగు నోటి దాకా వెళ్ళిపోయేది. అంగన్‌వాడీ పిల్లలకు రోజూ ఒక క్యాను నీళ్ళు పట్టుకెళ్ళాలని ఆమె పట్టుదల. చంకలో ఒక పిల్లనెత్తుకుని వచ్చేది. ఆ పిల్ల పేరు స్పందన. తల్లి పత్తి ఏరడానికి పోతే పగలంతా సైదమ్మ చంకే దాని ఊరు. నా చీలికలో వేలు పెట్టి తిప్పడం దానికి సరదా.

“ఈ పోరగాండ్లకు పాలపండ్లు ఊడి గట్టిపండ్లు వచ్చేలోపు మంచినీళ్ళు అలవాటు గావాలె,” అనేది సైదమ్మ వరుసలో నిలబడ్డవాళ్ళతో. “మా లెక్క నోరు మూసుకోని నవ్వే బతుకు వీళ్ళకెందుకు?”

కొన్నాళ్ళు తన డబ్బుతోనే వీరేశం దగ్గర తెల్లబిళ్ళలు కొన్నది. పది రూపాయలయ్యాక ఆమె వల్ల కాలేదు. ఒకరోజు పచ్చబిళ్ళే తెచ్చి వేసింది. ఉమ్మాను. తీసి మళ్ళీ వేసింది. మళ్ళీ ఉమ్మాను. “నీ కడుపు కాల!” అని ఖాళీ క్యానుతో వెళ్ళిపోయింది. అన్ని తిట్లూ తుడుచుకునేదాన్ని, ఆ తిట్టు మాత్రం తుడుచుకోలేకపోయాను. నిజంగా బాధేసింది.

రెండ్రోజుల తర్వాత జానయ్య బిళ్ళలు తీసుకోవడానికి వచ్చినప్పుడు నా ఎదుటే ఆమె ఆయన్ను పట్టుకుంది.

“జానన్నా, ఆ బిళ్ళ తీసి పచ్చది పెట్టరాదె. పోరగాండ్లు మల్ల బోరు నీళ్ళే తాగుతున్నరు.”

“తల్లి బిళ్ళ సైదమ్మా! తీయనీకి నేనెవర్ని?” జానయ్య మాట్లాడుతూనే బిళ్ళలు సంచిలో పోసుకున్నాడు.

“మరెవరు తియ్యాలె?”

“తల్లే తియ్యిమనాలె. తల్లి అడిగితె నా పాణమన్న ఇస్త, బిళ్ళెంత?” అని నవ్వాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వాడు. నీళ్ళకు పదవులు తెలియవు కదా.

సైదమ్మ తన ఖాళీ క్యాను అందుకుంది. నన్ను కాసేపు చూసి వెళ్ళిపోయింది.

శ్రావణంలో ముత్యాలమ్మ బోనాలు వచ్చాయి. గుడికి వెళ్ళే దారి మా ప్లాంటు ముందు నుంచే. డప్పులు, పోతరాజు కొరడా, వేపమండలు, నెత్తిన బోనాలతో ఆడవాళ్ళు. సైదమ్మ కూడా బోనమెత్తింది, ఆ మోకాళ్ళతోనే. సరిగ్గా నా ముందుకు రాగానే ఆగిపోయింది. బోనం పక్కావిడ చేతికి అందించింది. ఆ తర్వాత జుట్టు విరబోసుకుని ఊగడం మొదలుపెట్టింది.

“శిగమొచ్చింది! సైదమ్మకు శిగమొచ్చింది!” అని కేకలు. డప్పుల జోరు పెరిగింది. పూనకం వచ్చిందంటే వచ్చినది అమ్మవారు, మాట్లాడేది అమ్మవారు. ఊరి పెద్ద ముందుకొచ్చి ఏం కావాలో అడగాలి. ఊరి పెద్ద అంటే ఎవరు, జానయ్యే. నిమ్మకాయ పట్టుకుని చేతులు జోడించి వచ్చాడు.

“ఎవరు తల్లీ నువ్వు?”

“ముత్యాలమ్మను రా!”

“ఎందుకు కోపమొచ్చింది తల్లీ? యాటపోతు కావాల్నా?”

“నా యాట నాకొస్తది. నా బిళ్ళ ఏదిరా?” సైదమ్మ గొంతు నేనెప్పుడూ విననంత పెద్దదైంది. “నా పళ్ళెంల బిళ్ళ గుంజుకపోయి ఇనుప డబ్బల కుక్కితివి, తాళమేస్తివి. నాకు ఊపిరాడుతలేదు! పసిపోరలు గుక్కెడు నీళ్ళకు ఏడుస్తుంటె నన్ను నీ డబ్బకు కావలి కూసోబెడ్తివా?”

జానయ్య చెమటలు తుడుచుకున్నాడు. “ఊరి మంచికే పెట్టిన తల్లీ…”

“తీస్తవా? లేకుంటె ఊరి మీద అమ్మోరు పొయ్యమంటవా?”

ఊరంతా జానయ్య వైపు చూసింది. అది అమ్మవారి పళ్ళెంలోదని మైకులో చెప్పినవాడు ఆయనే. కాదనడానికి దారి ఎక్కడుంది? వీరేశం తనే పరుగెత్తి కొట్లోంచి స్క్రూడ్రైవర్ తెచ్చాడు, డబ్బులు కూడా అడగలేదు. జానయ్య నా మూత విప్పాడు. రెండు స్క్రూలు. బిళ్ళను పసుపునీళ్ళతో కడిగి బోనం పళ్ళెంలో పెట్టారు. నా కడుపు ఖాళీ అయింది. అలవాటు కొద్దీ జానయ్య జేబులోంచి ఇంకో తెల్లబిళ్ళ తీశాడు. ఆయన్ని మెచ్చుకోవాలి, అమ్మవారు ఎదుట నిలబడ్డా వ్యాపారం మరిచిపోలేదు.

“పచ్చది పెట్టురా!” అని అరిచింది అమ్మవారు. “నాకు పసుపంటె పాణమని ఎరుకలేదా?”

వంద పచ్చబిళ్ళలు ఒక్కసారి ముందుకొచ్చాయి. ఒకటి నా కడుపులో కూర్చుంది. మూత పడింది. ఎవరో పచ్చబిళ్ళ వేశారు. మింగాను. గొట్టంలోంచి నీళ్ళు దూకితే జనం దండాలు పెట్టారు, నాకు కాదు, గొట్టానికి. సైదమ్మ కిందికి ఒరిగిపోయింది. ఆ నీళ్ళే ముఖాన చల్లితే కళ్ళు తెరిచి, “ఏమైందే?” అంది అమాయకంగా.

ఆ పూనకం అసలుదా, నకిలీదా? నన్నెవరూ అడగలేదు. ఊళ్ళో పరీక్షాధికారిని నేనొక్కదాన్నే అయినా! అడిగినా చెప్పలేను, నా చుట్టల మధ్యలోంచి పూనకం జారదు. ఊగడానికి ముందు బోనాన్ని అంత జాగ్రత్తగా పక్కావిడకు ఎందుకిచ్చిందో మాత్రం ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. మర్నాడు పొద్దున్నే స్పందనను చంకనేసుకుని క్యానుతో వచ్చింది. పచ్చబిళ్ళ వేసింది. నేను మింగిన చప్పుడు విని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

జానయ్య నష్టపోయాడనుకోకండి. తన ప్లాంటు దగ్గరికి సాక్షాత్తూ ముత్యాలమ్మే నడిచొచ్చిందని ఊరూరా చెప్పుకుని ఆ తర్వాతి ఎన్నికల్లో భార్యను మళ్ళీ గెలిపించుకున్నాడు. వీరేశం దగ్గర మిగిలిన తెల్లబిళ్ళలు మళ్ళీ ఐదు రూపాయలవే అయిపోయాయి. ఆ ఊళ్ళో అమ్మవారి ఆగ్రహానికి గురైనవాడు ఆయనొక్కడే.

కొన్నేళ్ళు అలా మింగుతూ గడిపాను. తర్వాత గోడకు గళ్ళ గళ్ళ కాగితం ఒకటి అతికించారు. దానికి ఫోను చూపిస్తే చాలు, నీళ్ళు వస్తాయి. బిళ్ళ అక్కర్లేదు, నేనూ అక్కర్లేదు. నన్ను విప్పి విరిగిన గొట్టాల మధ్య పారేశారు. పాత సామాన్ల బండి వచ్చిన రోజు సైదమ్మ అటుగా పోతూ చూసి, “గా డబ్బ నాకియ్యి, పోరగాండ్లు ఆడుకుంటరు,” అని పట్టుకెళ్ళింది.

ఇప్పుడు అంగన్‌వాడీ గదిలో ఒక మూల ఉంటున్నాను. పిల్లలు నా చీలికలో గుండీలు, చింతగింజలు, సీసా మూతలు వేస్తారు. కరెంటు లేదు కాబట్టి పరీక్ష లేదు. ఏది వేసినా కిందికి జారిపోతుంది. ఇంత హాయి నాకు ఉద్యోగంలో ఉన్నప్పుడు లేదు. కడుపులో పచ్చబిళ్ళ మాత్రం అలాగే ఉంది, తీయడం ఎవరికీ గుర్తులేదు.

నిన్న స్పందన వచ్చింది. మూడో తరగతిట. తమ్ముణ్ణి ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చి నన్ను గుర్తుపట్టింది. పాత అలవాటే, చీలికలో వేలు పెట్టింది. వేలు పెద్దదైపోయింది కదా, ఇరుక్కుంది. లాగింది, రాలేదు. చివరికి వేలు ఊడొచ్చేసరికి వెనక్కి పడి, నోరంతా తెరిచి పకపకా నవ్వింది. కొత్తగా వచ్చిన పళ్ళు, తెల్లటివి, ఒక్కదాని మీదా చార లేదు. చెయ్యి అడ్డం పెట్టుకోవాలని దానికి తోచనే లేదు.

చూస్తూ సైదమ్మ కూడా నవ్వింది. చెయ్యి కొంగు దాకా వెళ్ళింది గాని, నోటి దాకా రాలేదు.