సీసం పళ్లేలు

రైన్ నది ఒడ్డున ఉన్న రంగుల ఫ్యాక్టరీలో రూప్రెష్ట్ ఓస్థోఫ్ ఇరవై రెండేళ్లుగా రసాయన శాస్త్రవేత్త. డాక్టరేట్ ఉన్నందున పనివాళ్లంతా ఆయన్ని డాక్టర్ గారనేవాళ్లు. ఒకప్పుడు ఆయన తీసిన పసుపు రంగు తప్ప ఇంకోటి క్రేఫెల్డ్ ఊరి పట్టు నేతగాళ్లు ముట్టేవాళ్లు కారు. యుద్ధం మొదలైన రెండో ఏడు ఆ పసుపునే ఫిరంగి గుండ్లలో నింపడం మొదలుపెట్టారు. పట్టుకు రంగు పట్టించే ఆ పొడికి పేలే గుణం కూడా ఉంది మరి.

ఆ సోమవారం డైరెక్టర్ హాల్‌బావర్ ఆయన్ని పిలిపించాడు.

"ఆరబెట్టే చెక్క పళ్లేలు అయిపోయాయి. సీసం పూత వేసిన ఇనప పళ్లేలు వచ్చాయి. వాటిని వాడొచ్చని ఈ కాగితం మీద సంతకం పెట్టండి."

"సీసం తగిలితే ఈ పొడి పిచ్చిదైపోతుంది సార్. గట్టిగా గీరినా పేలుతుంది. అక్కడ పనిచేసేది ఆడవాళ్లు."

"సరిహద్దులో మనవాళ్లు గుండ్లు లేక చస్తుంటే మీకు పళ్లేల మీద బెంగా? వయసైపోయిందనుకుంటున్నారేమో, మీలాంటి వాళ్లక్కూడా తుపాకీ ఇస్తున్నారు."

ఓస్థోఫ్ కలం తీసుకున్నాడు. సంతకం పెట్టాడు.

గురువారం మధ్యాహ్నం ఆరబెట్టే షెడ్డు పేలింది. ఆయన పరుగెత్తేసరికి పైకప్పు లేదు. గోడలకు పసుపు, దాని మీద నెత్తురు. ఒక జోడు పాదాలు బూట్లలోనే నిలబడి ఉన్నాయి, పైన మనిషి లేదు. ఆ షెడ్డులో పనిచేసే ట్రూడె కెస్లింగ్ దూలం కింద ఉంది. పసుపు పొడి తోడీ తోడీ ఆమె జుట్టు కూడా ఆ రంగుకే తిరిగింది. దూలం ఎత్తబోతే ఆయన వేళ్లు రెండు విరిగాయి. ఆమె కుడిచెయ్యి మోచేతి దగ్గర తోలు పట్టుకుని వేలాడుతోంది.

"డాక్టర్ గారూ, కోసెయ్యండి. లాగకండి, కోసెయ్యండి!" అని ఆమె అరిచింది.

జేబులో ఉన్న చాకుతో కోశాడు. బెల్టు బిగించి కట్టి, భుజాన వేసుకుని బయటికి తెచ్చాడు. లోపల ఇంకా పదకొండుమంది ఉన్నారు. వాళ్లలో ఒక్కరూ బతకలేదు.

ఆమెను బండెక్కించి తిన్నగా ఆఫీసుకు నడిచాడు. హాల్‌బావర్ ఫోనులో "చిన్న ప్రమాదమే" అంటున్నాడు. ఓస్థోఫ్ ఫోను లాక్కుని దానితోనే ఆ నోటి మీద కొట్టాడు. పళ్లు రాలాయి. కింద పడ్డవాడి మీద కూచుని, విరిగిన వేళ్లతోనే మళ్లీ మళ్లీ కొట్టాడు. నలుగురు పట్టి లాగితే గాని ఆగలేదు. హాల్‌బావర్‌కు ఎడమకన్ను పోయింది.

కోర్టులో న్యాయమూర్తి, "చేసినదానికి పశ్చాత్తాపం ఉందా?" అని అడిగాడు.

"ఉంది. ఆ కాగితం మీద సంతకం నాదే. దానికి శిక్ష ఎవరూ అడగడం లేదేం?"

సాక్షుల బల్ల దగ్గర ట్రూడె లేచింది. ఆమె జాకెట్టు కుడిచెయ్యి ఖాళీగా, మడిచి పిన్ను పెట్టి ఉంది.

"ఆయన్ని కొట్టినందుకు మీ మీద నాకు కోపం లేదు డాక్టర్ గారూ. ఆ దెబ్బలేవో సోమవారమే కొట్టాల్సింది."

ఓస్థోఫ్ తల వంచాడు. "అవునమ్మా," అన్నాడు.

మూడేళ్లు జైలు పడింది. ఆయన పైకోర్టుకు వెళ్లలేదు. బయటికి వచ్చాక ఎన్ని ఫ్యాక్టరీలు పిలిచినా మళ్లీ ఏ రంగూ కలపలేదు.