చక్రం కింది రాయి

నిద్రపోతున్న మొగుడి మీదికి జనరేటరు లారీ తనంతట తనే కదిలి వస్తుందని కొమురమ్మ భయం. చంకలో ఏడాది నిండని పిల్లను పెట్టుకున్న ఆమెకు ఇంతకు మించిన భయం మరొకటి లేదు.

షూటింగులకు కరెంటిచ్చే లారీ అది. దాని డ్రైవరు నర్సింహ. పొద్దున్నే ఏ జూబ్లీహిల్స్ బంగళా ముందో లారీ నిలబెడితే సాయంత్రం దాకా అతనికి పనుండదు. నీడున్న గేటు లోపలికి డ్రైవర్లను రానివ్వరు. అందుకని లారీ కిందే తువ్వాలు పరుచుకుంటాడు. నెత్తి మీద జనరేటరు ఎంత మోగినా నిద్ర పట్టే ఘటం.

ఈ తొంభై మూడు ఎండాకాలంలోనే జూబ్లీహిల్స్ చెక్ పోస్టు దిగుడులో బ్రేకులు కాగిపోయి పట్టలేదు. లారీ ఒక ప్రహరీగోడను రాసుకుంటూ ఆగింది. ఓనరు చలపతిరావు పాత డ్రమ్ము బ్రేకులు పీకించి, వెనక చక్రాలకు డిస్కు బ్రేకులు పెట్టించాడు. మెకానిక్కు హనుమంతు ఎక్కడి సామానో తెచ్చి బిగించాడు.

"నీళ్ల గిలాస పెట్టినా తొణకదే, గంత మెత్తగ ఆగుతుంది" అని నర్సింహ ఒకటే మురిసిపోయాడు. అది నిజమే.

రహమత్ నగర్ నుంచి అన్నం క్యారియరు తెచ్చిన కొమురమ్మకు మాత్రం కనబడింది వెనక చక్రం కింది రాయి.

"గీ రాయేంది?"

"హ్యాండ్ బ్రేకు డ్రమ్ములల్లనే ఉంటుండె. డ్రమ్ములు పోయినయి గద. వేరేది పెడ్తనన్నడు హనుమంతన్న."

"ఎప్పుడు?"

"పెడ్తడు తీయ్. అందాక రాయుంది, గేరుల ఏసి పెడ్తె గూడ బండి కదలది. జర ఫికర్ జెయ్యకు."

"ఉరికేటప్పుడు ఆపనీకి గంత షోకు చేసిండ్రు. ఆగినంక పట్టుకునేది రాయా?"

ఆమె అక్కడితో ఊరుకోలేదు. ఫిల్మ్ నగర్ ఆఫీసుకే వెళ్లి చలపతిరావును అదే అడిగింది. ఆయన కాఫీ తాగుతూ వినీ విననట్టు విన్నాడు.

"ఏం చదివావమ్మా?"

"ఆరు దాంక, సార్."

"ఇంపోర్టెడ్ కార్లకుండే బ్రేకులవి. క్యారియర్ సంగతి నువ్వు చూసుకో, బ్రేకుల సంగతి నాకొదిలెయ్."

పక్కనున్న మేనేజరు పట్టాభిరామయ్య కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వు కొమురమ్మకు ఇంటిదాకా చెవుల్లో గింగురుమంది. ఆ రోజు పొయ్యి మీద గిన్నెలన్నీ దెబ్బలు తిన్నాయి.

వారం తిరక్కుండా కొత్త సినిమా ముహూర్తం వచ్చింది. వాలు రోడ్డు మీద, ముక్కు ఎగువకు పెట్టి నిలిపారు లారీని. చక్రాల కింద నిమ్మకాయలు పెడుతుంటే పట్టాభిరామయ్య కంట పడింది రాయి.

"ముహూర్తం పూట చక్రానికి అడ్డేంటయ్యా, అరిష్టం. తీసెయ్యండి."

ఎవరో రాయిని రోడ్డు పక్క మురుగు మోరీలో పడేశారు. లారీ మూరెడు ముందుకెళ్లి నిమ్మకాయలు తొక్కింది. అందరూ చప్పట్లు కొట్టారు. రాయి సంగతి ఎవరికీ గుర్తులేదు. గేరులో ఉంది కదా అని నర్సింహ కూడా లారీ కింద నడుం వాల్చాడు.

కొమురమ్మ వచ్చేసరికి జనరేటరు అదురుకు లారీ మొత్తం వణుకుతోంది. ఆ వణుకుడుకే గేరు జారింది. టైరు వెనక నలిగి పడున్న నిమ్మతొక్క మెల్లగా మళ్లీ టైరు కిందికి పోవడం ఆమె చూసింది. క్యారియరు వదిలేసి, చంకలో పిల్లతోనే వంగి, మొగుడి కాలు పట్టి ఈడ్చింది. తువ్వాలు మీద నుంచి చక్రం పోయింది. లారీ వెనక్కి జారి కరెంటు స్తంభానికి ఆనుకుంది.

"నిమ్మకాయలు తొక్కించాం కాబట్టి సరిపోయింది" అన్నాడు పట్టాభిరామయ్య చెమట తుడుచుకుంటూ.

"అవు సార్, దిష్టి పోయింది" అన్నాడు నర్సింహ.

అక్కడ మండింది కొమురమ్మకు.

"నిమ్మకాయ గుంజిందా నిన్ను?"

చలపతిరావు మర్నాడు లారీకి దిష్టి తీయించి గుమ్మడికాయ కొట్టించాడు. హ్యాండ్ బ్రేకు మాత్రం పెట్టించలేదు.

మోరీలోంచి రాయిని తనే తీసి కడిగింది కొమురమ్మ. ఇంకెవడూ విసిరెయ్యకుండా దానికి పసుపు పూసి కుంకుమ బొట్టు పెట్టింది. చక్రం కింద పెట్టి, తియ్యొద్దని మరీ మరీ చెప్పి పోయింది.

మర్నాడు వచ్చి చూస్తే చక్రం కింద రాయి లేదు. స్టీరింగు ముందు, బంతిపూలు పెట్టుకుని, అగరొత్తుల పొగలో కూర్చుని ఉంది.

"పసుపు పెట్టిన రాయిని టైరు కిందేస్తరా ఎవలన్న? కండ్లు పోతయి" అన్నాడు నర్సింహ.

కొమురమ్మ రోడ్డు పక్క నుంచి ఇంకో రాయి దొర్లించుకొచ్చి టైరు కిందికి తన్నింది. దానికి బొట్టు పెట్టలేదు.

డిస్కులు దండగని కొమురమ్మ ఏనాడూ అనలేదు. ఉన్న పట్టు పీకేసి, దాని బదులు పట్టు పెట్టకపోవడమే ఆమె కోపం.

ఇప్పుడు పిల్లకు పళ్లొస్తున్నాయి, జ్వరం. ఆమె రోజూ రాలేకపోతోంది. మీరెవరైనా జూబ్లీహిల్స్ వాలులో పోతుంటే, స్టీరింగు ముందు పసుపురాయి ఉన్న జనరేటరు లారీ కనబడితే, ఒక్కసారి వంగి చూడండి. కింద నర్సింహ పడుకుని ఉంటే కాలు పట్టి ఇవతలికి లాగండి. తిడతాడు. తిట్టనివ్వండి.